బయటికి రాని బాయి పాటలు

షిఫ్టు మారే వేళ బొగ్గుబాయి మీద గేట్ మీటింగుకు దొరికేది కొద్ది నిమిషాలే. మస్టర్ పడాలి, క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి, దిగాలి. ఆ తొందరలో మనిషిని నిలబెట్టి వినిపించాలి కనుక సింగరేణి పాటలో ఆలాపనకు చోటు లేదు. మొదటి చరణం ముగిసేసరికి పల్లవి వినేవాళ్ల నోటికి వచ్చెయ్యాలి. అందుకే బాణీని ఎక్కువగా ఊరి నుంచే తెచ్చుకుంటారు: బతుకమ్మ ఉయ్యాల, జాజిరి, ఒగ్గు కథ దరువు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బొగ్గుబాయికి వచ్చినవాళ్లు చిన్ననాడే విన్న బాణీలవి. బాణీ తెలిసిందే కాబట్టి చెవి నేరుగా మాట మీదికి పోతుంది.

చరణం చివరి పాదాన్ని గాయకుడు సగంలో వదిలేస్తాడు. మిగతా సగం వంతపాటది. వాళ్లు అందుకున్నంతసేపట్లో ఇతను ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి మాట వెతుక్కుంటాడు. ఒక ఇంక్లైన్ మీద కట్టిన చరణం ఇంకో బాయికి వెళ్లేసరికి పేర్లు మార్చుకుంటుంది. ఇది ఎప్పటికీ కడుతూనే ఉండే పాట.

ఈ నేల పాటకు పెద్ద పేర్లే ఉన్నాయి. 'ఊరు మనదిరా' రాసిన గూడ అంజయ్య (1955–2016) దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టాడు. 2023 కాళోజీ పురస్కారం అందుకున్న జయరాజ్ సింగరేణిలో ఉద్యోగం చేస్తూనే పాటలు కట్టాడు. వీళ్లవి అచ్చయ్యాయి, క్యాసెట్లయ్యాయి. పేరు రాని పాటగాళ్ల సంగతి వేరు. మరిచిపోకుండా ఉండేందుకు టేప్‌రికార్డర్ ముందు పాడి పెట్టుకున్నవి, 2011 సకల జనుల సమ్మెలో సెల్‌ఫోన్లలో పట్టుకున్నవి అట్లాగే ఉండిపోయాయి.

ఇట్లా ఇంట్లో పాడి పెట్టుకున్నవి ఆల్బమ్‌గా వచ్చిన దాఖలా ఉంది. అమెరికా గాయకకవి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో ఇంట్లోనే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాటల నమూనాలు పాడుకున్నాడు. బ్యాండుతో మళ్లీ పాడితే అందులోని ఒంటరితనం పోయింది. చివరికి ఆ క్యాసెట్‌నే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా తెచ్చారు. 1998లో వచ్చిన అతని 'ట్రాక్స్'లో 66 పాటలున్నాయి, చాలావరకు అంతదాకా విడుదల కానివే.

మనవాటినీ అట్లాగే, ముడిగానే తేవాలి. అలాంటి టేపులో డప్పు ఉండదు, బల్ల మీద వేళ్ల దరువు ఉంటుంది. మాట కుదరని చోట పాటగాడు 'తన్నాన' అని దాటేస్తాడు. ఒకే పాదాన్ని రెండు తీర్లుగా పాడి, రెండోదాని దగ్గర ఆగుతాడు. పాట కట్టే విద్య అంతా ఆ ఆగడంలో వినిపిస్తుంది. దాని మీద కీబోర్డు, రిథమ్ ప్యాడ్ పరిస్తే మిగిలేది మామూలు రికార్డింగు.

తేమకు టేపు బూజు పడుతుంది, పాత ఫోను మెమరీ కార్డు చెప్పకుండా పోతుంది. సింగరేణి నూరేళ్ల గుర్తుగా వెలసిన సెంటినరీ కాలనీలోనో, గోదావరిఖనిలోనో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనో మీ ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉంటే పారెయ్యకండి. పాతది కదా అని ఏ డెక్కులో పడితే ఆ డెక్కులో వెయ్యకండి. తెలిసినవాళ్లతో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. పాడిందెవరు, బాణీ ఏది, ఏ బాయి మీద కట్టింది, ఇంటి పెద్దలు ఉండగానే అడిగి రాసి పెట్టండి. దగ్గును, నవ్వును కత్తిరించకండి. ఏటా డిసెంబరు 23న సింగరేణి డే జరుపుకుంటాం. ఈ పాటల తొలి ఆల్బమ్‌ను ఆ వేదిక మీదే విడుదల చేసుకుందాం.