ఎరుకల చేతి గంప

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో పేడ ఎత్తడానికీ, కోళ్లను మూయడానికీ, తోటలో కాయలు మోయడానికీ వాడే ఈత గంపను ఒకసారి బోర్లించి అడుగు చూడండి. పనితనం బయటపడేది అక్కడే. బరిగెలను అడ్డంగా, నిలువుగా పరిచి, పట్టు కుదిరేదాకా సన్నని బరిగెను బిగించి తిప్పుతారు. అడుగు వదులైతే పైన ఎంత అందంగా అల్లినా గంప బరువుకు ఆగదు.

పనిముట్టు కత్తి ఒక్కటే. ఈతమట్ట కోసి, ముళ్లు చెక్కి, ఆకు దూసి, బరిగెను పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండితే పుటుక్కున విరుగుతుంది. ఎరుకల ఆడమనిషి అడుగును పాదాలతో తొక్కిపట్టి, ఒక నిలువు బరిగె ముందునుంచి, మరోదాని వెనకనుంచి అల్లిక పోనిస్తూ, చుట్టు చుట్టునూ వేళ్లతో కిందికి దిగ్గొడుతుంది. గుండ్రానికి కొలబద్ద లేదు, కన్నే కొలత. చివర నిలువు బరిగెలను వంచి పక్కవాటి కిందికి దోపి అంచు కడుతుంది. మేకు లేదు, దారం లేదు. గంపను నిలిపేది దాని బిగువే.

ఈ బిగువు మాటల్లో చెబితే వచ్చేది కాదు. తల్లి పక్కన కూర్చుని మొదట ఆకు దూసి, తర్వాత బరిగెలు అందించి, ఆపైన చిన్న బుట్ట మొదలుపెడితే వచ్చేది. పనితోపాటే పిల్లకు ఎరుకలవారి కుర్రు భాషా అబ్బుతుంది. అంటే ఈ విద్యకు బడి తల్లి ఒడే.

ఆ ఒడి నుంచే పిల్లల్ని లాక్కునే అధికారాన్ని ఒక చట్టం సర్కారుకు ఇచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఈ పల్లెలున్న కడప జిల్లా అప్పుడు అందులోదే. ఉప్పు, ధాన్యం గాడిదల మీద ఊరూరా చేరవేసి బతికిన ఎరుకల వర్తకాన్ని రైళ్లూ, ఉప్పు మీద సర్కారు పెత్తనమూ అప్పటికే దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్లకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం 6 ఏళ్లు దాటి 18 ఏళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, దిద్దుబాటు బడుల్లో పెట్టే వీలుండేది. 1924 చట్టమూ ఆ అధికారాన్ని అలాగే ఉంచింది. పెద్దల్ని అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురం, బాపట్ల దగ్గరి స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో కట్టడి చేశారు. స్టువర్టుపురాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పిల్లల్ని పెద్దల నీడ నుంచి తప్పించడమే సంస్కరణ అని నాటి పాలకులు నమ్మారు.

చేతికి పని పట్టుబడే వయసూ, చట్టం కన్నేసిన వయసూ ఒకటే. ఇంత జరిగినా తల్లి నుంచి కూతురికి ఈ అల్లిక అందుతూనే వచ్చిందంటే, గంపలో కనబడేది నేర్పు ఒక్కటే కాదు, పట్టుదల కూడా.

మద్రాసు రాష్ట్రం 1947లో, దేశం మొత్తం 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని వదిలించుకున్నాయి. ఎరుకలవారు విముక్త జాతి అయ్యారు. అయితే చట్టం రద్దు చేయడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. ఆదివాసీ పిల్లల్ని ఇలాగే ఎత్తుకుపోయినందుకు 2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది జూన్ 11న కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఆదివాసీ పిల్లల వసతి బడుల విషయంలో క్షమాపణ చెప్పారు. ఆ మాటలతో పోయిన బాల్యం తిరిగి రాలేదు. కానీ నేరం పిల్లలదో తల్లులదో కాదు, సర్కారుదని రికార్డుకెక్కింది.

మన శాసనసభ కూడా 17వ సెక్షన్‌ను పేరుపెట్టి తప్పని చెప్పాలి. సెటిల్మెంట్ల రికార్డులను ఆ కుటుంబాల వారసులు చూసుకునే వీలు కల్పించాలి. గిరిజన గురుకులాల్లో గంప అల్లే అవ్వను జీతమిచ్చి గురువుగా కూర్చోబెట్టాలి. బిడ్డకు విద్య నేర్పే అర్హత ఆ తల్లికి లేదని ఒకనాడు సర్కారే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తప్పని చెప్పాల్సిందీ సర్కారే.