హస్తవాసి

ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసినా డాక్టరుగారి ఉద్యోగం పేరు ‘సివిల్ అసిస్టెంట్ సర్జన్’. ఆయన చూసేది జ్వరాలూ, బీపీలూ, పిల్లల టీకాలూ. కత్తి పట్టాల్సి వస్తే ఏ సెగ్గడ్డ కోయడానికో. తెల్లదొరల నాటి హోదా, జీవోల్లో అలాగే ఉండిపోయింది. పొద్దస్తమానం థియేటర్లో నిలబడి కాళ్లు లాగేసే నాలాంటివాళ్లకు ఆ బోర్డు చూస్తే కొంచెం నవ్వు, కొంచెం ఉడుకుమోత్తనం.

సర్జన్ అంటే అసలర్థం చేతిపనివాడు. గ్రీకులో ‘ఖేయిర్’ అంటే చెయ్యి, ‘ఎర్గోన్’ అంటే పని. రెండూ కలిసిన మాట లాటిన్‌లోంచి ఫ్రెంచిలోకి జారి, అరిగి అరిగి ఇంగ్లీషులో సర్జన్ అయింది. అందులో కత్తి లేదు, రోగం లేదు, చదువు అసలే లేదు.

ఆ చివరిదే యూరప్‌లో చిన్నచూపుకు కారణమైంది. లాటిన్ చదివిన ఫిజీషియన్ పెద్దమనిషి. నెత్తురు అంటుకునే పని క్షురకులది. లండన్‌లో 1540లో ఎనిమిదో హెన్రీ క్షురకుల్నీ సర్జన్లనీ ఒకే సంఘంలో కలిపితే, సర్జన్లు విడిపోయేసరికి 1745 వచ్చింది. ఇప్పటికీ మనవాళ్లు బ్రిటన్ వెళ్లి సర్జరీ పరీక్ష పాసైతే పేరు ముందు ‘డాక్టర్’ తీసేసి ‘మిస్టర్’ పెట్టుకుంటారు. ఇక్కడ అమ్మానాన్నలకు అది నచ్చజెప్పడం ఆపరేషన్ కన్నా కష్టం!

ఫ్రాన్స్‌లో ఆంబ్రాజ్ పారే కూడా అలాంటి క్షురక సర్జనే, లాటిన్ రాదు. 1537 ప్రాంతంలో సైన్యంతో ఇటలీ వెళ్లాడు. తుపాకీ గాయంలో విషం ఉంటుందని, మరిగే నూనె పోయాలని అప్పటి పెద్దల మాట. ఒకరోజు నూనె అయిపోయింది. చేసేది లేక గుడ్డుసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి పూశాడు. పూయించుకున్నవాళ్లు ఏమైపోయారోనని రాత్రంతా నిద్రలేదు. తెల్లారి చూస్తే వాళ్లు నిమ్మళంగా ఉన్నారు. నూనె పడ్డవాళ్లు జ్వరంతో, వాపుతో మూలుగుతున్నారు. ఇక జన్మలో నూనె పోయనని ఒట్టేసుకున్నాడు. పుస్తకం నేర్పలేనిది చెయ్యి నేర్పిందంటే ఇదే.

మన సుశ్రుతుడి సంప్రదాయం సర్జరీని శల్యతంత్రం అంది. శల్యమంటే ఒంట్లో దిగిన బాణపు ములుకు, ముల్లు, అలా ఉండకూడని చోట ఉండి బాధించేదేదైనా. గ్రీకులు పనిచేసే చేతిని చూసి పేరు పెడితే, మనవాళ్లు తీయాల్సినదాన్ని చూసి పెట్టారు. అయినా నూటొక్క యంత్రాలున్నాయని చెప్పి, వాటన్నిటిలో ముఖ్యమైనది చెయ్యేనని సుశ్రుత సంహిత అంటుంది.

మా రోగులకు ఈ గొడవేమీ పట్టదు. “మీ హస్తవాసి మంచిదని మా వియ్యపురాలు చెప్పిందయ్యా” అంటూ వచ్చి కూర్చుంటారు. వాళ్ల దృష్టిలో అది దేవుడిచ్చిన వరం. నాకైతే అందులో ముప్పాతిక భాగం ముడి. నెత్తుటితో తడిసిన సిల్కు దారం గ్లవ్స్ వేళ్ల మధ్య జారిపోతుంది. వదులైతే రక్తనాళం కారుతుంది, బిగిస్తే మెత్తటి కండను కోసేస్తుంది. ఎక్కడ ఆపాలో ఎడమ చూపుడువేలి కొసకే తెలియాలి. పీజీలో మా హాస్టల్ కుర్చీల చేతులన్నిటికీ ముడుల కుచ్చులు వేలాడుతుండేవి.

సుశ్రుతుడి శిష్యులు కోత గుమ్మడికాయ మీద, దోసకాయ మీద నేర్చుకునేవారు. కుట్లు మందపాటి గుడ్డ మీద, మెత్తటి తోలు మీద. మా జూనియర్లు కోడికాళ్లు తెచ్చుకుంటున్నారు. తోలు తీయొద్దంటే కొట్టువాడు నమ్మలేక రెండోసారి అడుగుతాడట: “సార్, స్కిన్‌తోనేనా?”