పొగకు ముందు కట్టె ఆరాలి

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, కృష్ణపట్నం తీరంలో చేపల నిల్వకు మొదటి ఆధారం ఎండ. ఉప్పు పట్టించి ఎండలో పరిస్తే చాలు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు ఎండను నమ్ముకోలేం. అప్పుడు పనికొచ్చేది పొగ. మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి పొయ్యి పైన వేలాడదీయడం మన పల్లెలు ఎరిగిన పనే. లక్షద్వీప్‌లో సూర చేపను ఉడికించి, పొగ పట్టించి, ఎండబెట్టి ‘మాస్‌మీన్’ చేస్తారు.

పొగ మంచిచెడ్డలు కట్టెను బట్టి ఉంటాయి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే చాలా వేడి ఖర్చయి, కట్టె సరిగా కాలక తెల్లటి దట్టమైన పొగ, మసి వస్తాయి. మాంసం చేదెక్కుతుంది. మసితోపాటు బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలూ పేరుకుంటాయి. తేమ 20 శాతం లోపుకు దిగిన కట్టె పలచటి నీలి పొగ ఇస్తుంది. అందులోని ఫినాల్స్, ఆమ్లాలు సూక్ష్మజీవులను అణిచి, కొవ్వు ముక్కిపోకుండా కాపాడతాయి.

కట్టె ఆరబెట్టడానికి మన వాతావరణమే పంచాంగం. సంక్రాంతి దాటాక, వానలు వెనక్కు తగ్గినప్పుడు కొమ్మలు కొట్టాలి. మూరెడు ముక్కలుగా కోసి, మణికట్టు లావు దాటినవాటిని నిలువునా చీల్చాలి. బెరడు ఒలిస్తే పురుగు చేరదు, తేమా త్వరగా పోతుంది. నేలకు తగలకుండా రెండు దుంగల మీద, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ముక్కల మధ్య సందు తప్పనిసరి. రోహిణి కార్తె ఎండలు పూర్తిగా తగలనిచ్చి, ముసురుకు ముందే చూరు కిందికి చేర్చాలి.

ఆరిందా లేదా అని చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. ముక్క తేలికవుతుంది, చివర్లు బీటలు వారతాయి, రెండింటిని తట్టిస్తే ఖంగుమంటుంది. పచ్చిదైతే దబ్బుమంటుంది, నిప్పులో పెడితే కొసన నురగ కక్కుతూ సుయ్యిమంటుంది.

మామిడి, జామ కట్టెలది మెత్తటి పొగ. సరుగుడు నిప్పుల కోసం మేలు. గట్ల మీద ముళ్ళకంపగా అందరూ తిట్టే సర్కారు తుమ్మకూ ఇక్కడ చోటుంది. 1877లో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో దీన్ని నాటారు. అమెరికాలోని టెక్సస్‌లో మాంసానికి పొగ పట్టించేందుకు ఎంతో ఇష్టంగా వాడే మెస్కీట్ దీని దగ్గరి చుట్టమే. ఘాటు ఎక్కువ గనుక ఒకటి రెండు ముక్కలు చాలు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఉప్పుకట్టె, రంగు వేసిన పాత పడవ చెక్కలు మాత్రం వాడొద్దు. వాటి పొగ విషం.

1991లో మొదలైన మత్స్యశాస్త్ర కళాశాల ముత్తుకూరులోనే ఉంది. ఏ పెరటి కట్టె పొగ ఏ చేపకు నప్పుతుందో తేల్చి, ఆ తెలివిడిని మత్స్యకార మహిళల చేతికి అందించడానికి అంతకన్నా తగిన చోటు లేదు. పెరట్లో చెట్టున్నవారికి ఒక్క మాట: సంక్రాంతి తర్వాత నరికే మామిడి కొమ్మను అప్పుడే పొయ్యిలో పెట్టేయకండి. చీల్చి పేర్చండి. కార్తీకం ముసురు నాటికి అది మీకు అక్కరకొస్తుంది.