అంగన్‌వాడి పొయ్యి యొద్ద

1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. కాని ఆ పథకము మూడేండ్ల పసివాని కంచములోనికి వేడియన్నమై దిగివచ్చు వేళ, పొయ్యి యొద్ద నిలిచియుండు ఆయా నైపుణ్యమును ప్రశంసించినవారు అరుదు.

బియ్యము, పప్పు, నూనె, గ్రుడ్లు సర్కారు పంపును. కూరను మాత్రము ఋతువే పంపవలెను. వానలకు తోటకూర, పొన్నగంటికూర, చలికి చిక్కుడు, ఎండలకు సొర, దోస, ఏది ఊరిలో లేతగా దొరకునో అదియే ఆనాటి పప్పులో పడును. మునగాకును ఆమె దూయు తీరు చూడదగినది: రెమ్మను వ్రేళ్ల నడుమ పట్టి లాగి, కాడ యొక్కటియు మిగులకుండ ఏరి, కడిగి, మిక్కిలి సన్నగా తరిగి, కందిపప్పు మెత్తబడిన పిదప వేసి, పప్పుగుత్తితో ఎనిపి, కారమును దాదాపు మానివేయును. ఆకుకూరలలోని ఎ విటమిన్ వంటబట్టుటకు నూనెయు, ఇనుము వంటబట్టుటకు నిమ్మపులుపును తోడ్పడునని పోషకశాస్త్రము చెప్పును. ఆమె పెట్టు తిరుగమోతయు, దించినపిదప పిండు నిమ్మచెక్కయు ఆ శాస్త్రమునకు అనుగుణములే. ఆకు కనబడినంతనే కంచపు టంచునకు నెట్టివేయు గడుసుపిల్లలు ఏ కేంద్రమున లేరు? అంతటి నిర్దయులైన విమర్శకులు మన సాహిత్యలోకమునను లేరు! వారిని మెప్పించుట పెండ్లివంటకంటె కష్టము.

ఇంతటి కౌశలమునకు ఆమెకు ముట్టునది జీతము గాదు, గౌరవవేతనము. పెరటిలో మునగచెట్టు గల పాఠకులు తమ ఊరి కేంద్రమునకు అప్పుడప్పుడొక కట్ట పంపుదురుగాక.