కొల్లూరు గనిలో మన పేరేది? – విలియం మెథ్వోల్డ్ రాతపై పరిశీలన

ఇంగ్లీషువాళ్ళు మొదట బేరగాళ్ళుగా వచ్చారు. దొరతనం తర్వాత సంగతి. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టేనాటికి ఇక్కడ రాజ్యం కుతుబ్‌షాహీలది. ఆ కొఠీకి 1618 నుంచి 1622 దాకా పెద్దగా ఉన్నవాడు విలియం మెథ్వోల్డ్. 1590లో పుట్టి, 1615లో కంపెనీ కొలువులో చేరాడు. గోల్కొండ రాజ్యం మీద అతను రాసిన వివరణ 1626లో లండన్‌లో అచ్చయింది. దాన్ని 1931లో మోర్లాండ్ రెండు డచ్చి వివరణలతో కలిపి హక్లూయిట్ సొసైటీ తరఫున మళ్ళీ వేశాడు.

మా కర్మన్‌ఘాట్ పక్క నుంచి, ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్‌కు పోయే రోడ్డు ఇవ్వాళ విజయవాడ రోడ్డు. కుతుబ్‌షాహీల కాలంలో బందరు సరుకు హయత్‌నగర్ మీదుగానే నడిచింది. ఈ దారిన పోయిన వజ్రాల గురించి, బట్టల గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. గోల్కొండ వైభవం రాసేవాళ్ళకు మెథ్వోల్డ్ కూడా పనికొచ్చే సాక్షే. మేము అతన్ని వేరే ప్రశ్నతో చదివాం. ఆ వైభవంలో మాల మాదిగలు ఎక్కడున్నారు?

కొల్లూరు గని సంగతే చూద్దాం. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ గనిని మెథ్వోల్డ్ స్వయంగా పోయి చూశాడు. గని ఎట్లా బయటపడిందో తాను విన్న కథ చెప్తాడు. మేకలు కాసుకునే ఒకడికి కాలికింద మెరిసే రాయి దొరికిందట. దాన్ని వాడు కాసిన్ని బియ్యానికి అమ్ముకున్నాడట. తర్వాత అది చేతులు మారి విలువ తెలిసినవాళ్ళ దగ్గరికి చేరింది. ఆ మేకల కాపరి పేరు రాతలో లేదు. గనిలో రోజూ 30,000 మంది పని చేస్తున్నారని రాశాడు. తవ్వేవాళ్ళు, మట్టి ఎత్తేవాళ్ళు, ఊటనీళ్ళు తోడి చేతుల మీదుగా పైకి అందించేవాళ్ళు, ఆ మట్టిని ఎండబెట్టి, కొట్టి, జల్లించేవాళ్ళు. పని వరస అంతా ఉంది, చేసినవాళ్ళ కులం పేరు లేదు. లెక్కలోకి వచ్చినా పేరులోకి రాకపోవడమంటే ఇదే.

కులాల గురించి రాసిన భాగం ఇంకా ముఖ్యమైనది. అందులో కోమట్లున్నారు. వాళ్ళు తమ మనుషుల్ని పల్లెలకు పంపి నేతగాళ్ళ దగ్గర బట్ట సేకరించి, రేవులో విదేశీ వర్తకులకు అమ్ముతారని చెప్తాడు. లెక్కలు రాసే బ్రాహ్మలున్నారు. కాపువారు, బోగంవారు ఉన్నారు. పలుకు వంకరపోయినా ఈ పేర్లన్నీ తెలుగు పేర్లే. చివరికి ఊరి బయట ఉండేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతని కలం ‘పరయ’ అనే తమిళ మాటను పట్టుకుంటుంది. చచ్చిన గొడ్ల తోలు తీస్తారు, మాంసం తింటారు, చెప్పులు చేస్తారు, మరణశిక్షలు అమలు చేయడానికి వాళ్ళనే వాడతారు అని రాస్తాడు. తోలుపనిని బట్టి చూస్తే ఇది తెలుగు నేల మాదిగల వర్ణన. కానీ మాదిగ అనే మాట రాలేదు. ముతక బట్ట నేసిన మాలలూ ఉన్నారు గదా, ఆ మాటా రాలేదు. పేరుకు బదులు మిగిలింది అసహ్యం. నీచులు, కంపు మనుషులు అనే అర్థమొచ్చే మాటలు.

ఈ అసహ్యం ఎవరిది? అంతా మెథ్వోల్డ్‌దే అంటే అమాయకత్వం అవుతుంది. అతని బేరాలు నడిచింది లెక్కలు రాసే బ్రాహ్మలతో, బట్ట తెచ్చే షావుకార్లతో. మాదిగవాడలో కూచొని రాసుకున్న గుర్తు ఆ పేజీల్లో ఎక్కడా కనపడదు. ఊరు చూసే చూపే అతని కలంలోకి దిగింది. అతను దాన్ని మారు ప్రశ్న లేకుండా అచ్చుకెక్కించాడు. ఆ పాపంలో అతని వాటా అతనికుంది.

ఇక్కడ మరో వాదన తేలిపోతుంది. కులాన్ని ఇట్లా గట్టిపరిచింది తెల్లవాళ్ళ జనాభా లెక్కలేనని విశ్వవిద్యాలయాల్లో ఒక మాట బాగా నడిచింది. లెక్కలు కొన్ని గీతల్ని గట్టిగా గీసినమాట నిజమే. కానీ మొదటి జనగణన 1871–72 నాటిది. దానికి రెండున్నర శతాబ్దాల ముందే, ఈ దేశం మీద అధికారమే లేని ఒక వర్తకుడు ఊరి బయట వాడను చూశాడు. అంటరానితనం ఓడలో దిగిన సరుకైతే కాదు. అట్లాగని ఇంగ్లీషువాడు మనల్ని ఉద్ధరించడానికి వచ్చాడనీ ఈ రాత చెప్పదు. మన వెట్టి మీద నడిచిన వర్తకంలో లాభం వెతుక్కోవడానికి వచ్చాడని చెప్తుంది.

తర్వాత మెథ్వోల్డ్ 1633 నుంచి 1638 దాకా సూరత్ కొఠీకి అధ్యక్షుడయ్యాడు. లండన్‌లో 1643 నుంచి కంపెనీ డిప్యూటీ గవర్నరు. 1652లో కెన్సింగ్టన్‌లో ఆరుగురు పేద స్త్రీల కోసం ధర్మగృహం కట్టించి, 1653లో చనిపోయాడు. తన ఊరి పేదలు అతని కంటికి మనుషులుగానే ఆనారు. ఆరుగురికి నీడ ఇచ్చిన ధర్మం పక్కన గనిలోని ముప్పైవేల మందిని పెట్టి చూడకుండా అతని జీవితచరిత్ర పూర్తి కాదు.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. తవ్వి చూడ్డానికి నేల కూడా మిగల్లేదు. అందుకే ఇట్లాంటి రాతల్ని మనం పారెయ్యకూడదు, నెత్తిన పెట్టుకోకూడదు. పని గురించి చెప్పిన సాక్ష్యం తీసుకుందాం. తిట్టు ఎవరిదో వాళ్ళ ఖాతాలో రాద్దాం. పేరు మాత్రం అక్కడ వెతికితే దొరకదు. చిందువాళ్ళు ఆడే జాంబపురాణంలో మాదిగ తన పుట్టుకను తానే చెప్పుకుంటాడు. మెథ్వోల్డ్ పేజీ పక్కన దాన్ని పెట్టి చదివినప్పుడే గోల్కొండ చరిత్రలో మన అధ్యాయం మొదలవుతుంది.