భూమికీ మనిషికీ నడుమ మూడవ పట్టిక

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమందలి సిర్గాపూర్‌లో ఒక సర్వే నంబరు కలదనుకొందము. విస్తీర్ణము 6 ఎకరములు. హక్కుదారులు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవానికి మరి రెండు నంబర్లలోను పొలము కలదు. ఒక భూమికి పలువురు, ఒకరికి పలు భూములు! డేటాబేస్ శాస్త్రములో దీనిని అనేక–అనేక సంబంధమందురు.

భూముల పట్టికలో యజమాని పేరుకు ఒక గడి పెట్టిన, రెండవవానికి చోటు లేదు. మూడు గడులు పెట్టిన, నాలుగవ వారసుడు రాక మానడు. కనుక మనుషులకొక పట్టిక, భూములకొక పట్టిక, రెంటినీ కలుపుటకు మూడవది కావలెను. 1970లో ఇ. ఎఫ్. కాడ్ పట్టికల సిద్ధాంతమును ప్రకటించిన తరువాత స్థిరపడిన మార్గమిది.

పెద్ద సంస్థల సాఫ్ట్‌వేరులో పెక్కు పనిముట్లు ఈ మూడవ పట్టికను తామే కల్పించి కంటికి కనబడకుండ దాచును. అందులో రెండు గుర్తు సంఖ్యలే ఉండును. విద్యార్థులను ఆటల జట్లతో కలుపుటకు అది చాలును, భూమికి చాలదు. ఎన్ని గుంటలు, ఎప్పటినుండి, విరాసత్తా కొనుగోలా అనునవి మనిషివీ కావు, భూమివీ కావు, ఆ సంబంధమునకు చెందినవి. పైగా పెద్దవానికి అదే నంబరులో తండ్రి ఇచ్చిన 2 ఎకరములతోబాటు తమ్మునివద్ద కొన్న 20 గుంటలు ఉండవచ్చును. ఒక మనిషి, ఒక నంబరు జతగా ఒక్కమారే రావలెనని నియమము పెట్టినచో ఆ 20 గుంటలను యంత్రము త్రోసివేయును.

ఈ విషయమున కాగితమే మేలనిపించును. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుకొక గడి, సాగు చేయువానికి వేరొక గడి ఉండెను. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో అనుభవదారు గడి తొలగింపబడినది. అది తగవులకు మూలమని సమర్థకుల వాదము. తగవున్నది పొలములో గదా! గడి తీసివేసినంతమాత్రాన సాదాబైనామాపై కొని దున్నుకొనువాడు పొలమునుండి పోడు, లెక్కనుండి మాత్రమే పోవును. 2018లో మొదలైన రైతుబంధు సాయము పట్టాదారునకే చెల్లెను, కౌలుదారునకు అందలేదు. లెక్కలో ఎవరికి చోటున్నదనునది సాంకేతిక విషయము మాత్రమే కాదు.

2025 ఏప్రిల్ 14న ధరణి చట్టము స్థానమున భూభారతి చట్టము అమలులోనికి వచ్చినది. దాని పట్టికలను పరీక్షించువారు ముందుగా అడుగవలసినది ఒకటున్నది: తమ్ముడు 20 గుంటలు అమ్మిననాడు అతని పాత వరుస ముగింపు తేదీతో నిలిచియుండునా, చెరిగిపోవునా?