గింజ ఎద్దుకు, తేట మనిషికి

2014 జూన్‌లో ‘ఉలవచారు బిర్యానీ’ విడుదలైంది. దర్శకుడు, కథానాయకుడు ప్రకాశ్‌రాజ్. నాయిక స్నేహ, సంగీతం ఇళయరాజా. 2011లో ఆషిక్ అబు తీసిన మలయాళ చిత్రం ‘సాల్ట్ అండ్ పెప్పర్’ దీనికి మూలం. కన్నడంలో ‘ఒగ్గరణె’గా, తమిళంలో ‘ఉన్ సమైయల్ అరైయిల్’గా ఇదే కథ ఒకేసారి తయారైంది. పెళ్లీడు దాటిపోయినా తిండి మీద మక్కువ తగ్గని పురావస్తు శాఖ ఉద్యోగి ఒకాయన. దోసె కోసం చేసిన ఫోను తప్పుడు నంబరుకు వెళ్లి, ఆయనకు ఒకామెతో పరిచయం అవుతుంది. మలయాళ మూలంలో పెళ్లిచూపులకు వెళ్లిన ఆ పెద్దమనిషి పిల్ల సంగతి వదిలేసి, ఆ ఇంటి వంట మెచ్చి వంటవాణ్ని వెంటబెట్టుకొస్తాడు. రుచికి అంతగా దాసోహమనే మనిషి మన సినిమాల్లో నాయకుడు కావడం అరుదు.

తెలుగులోకి వచ్చేసరికి ఆ కథకు మన వంటకం పేరు పెట్టారు. ఆ పేరులోని ఉలవచారు కథ హోటల్లోనో పెళ్లి పందిట్లోనో మొదలు కాదు, పశువుల కొట్టంలో మొదలవుతుంది. అద్దంకి సీమ ఒంగోలు జాతి ఎడ్లకు పుట్టినిల్లు. బ్రెజిల్‌లో నెల్లోర్ పేరుతో మందలు మందలుగా పెరిగిన పశువులకు మూలం ఈ జాతే. నల్లరేగడిలో నాగలి లాగే ఎద్దుకు చొప్ప ఒక్కటే చాలదు. అందుకే రైతు ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు. వానలు వెనకబడి మిగతా పైరు దక్కని ఏడు కూడా, నేలలో మిగిలిన తేమతోనే ఉలవ పండుతుంది. ఎరువు అడగదు, మంచి నేల కావాలనదు. గింజలో నూటికి 22 పాళ్ల దాకా మాంసకృత్తులు ఉంటాయి. సంక్రాంతి రోజుల్లో బండలాగుడు పందేలకు ఎడ్లను సిద్ధం చేసేవాళ్లు ఇవాళ్టికీ ఉలవల మీదే ఆధారపడతారు.

గింజలు ఎద్దుకు పెట్టాక, అవి ఉడికిన నీళ్లు మిగిలాయి. గింజ సత్తువంతా దిగిన ఆ ఎర్రని తేటను పారబోయడానికి ఇల్లాలికి మనసొప్పలేదు. ఉలవచారుకు పుట్టుక అదే.

చేసే పద్ధతి చెప్పడానికి చిన్నదే, చేయడానికి పెద్దది. ఉలవల్లో మట్టిబెడ్డలు, రాళ్లు ఎక్కువ కాబట్టి ముందు చేటలో చెరిగి ఏరాలి. కడిగి రాత్రంతా నానబెట్టాలి. పొట్టు గట్టిది, నానకపోతే ఓ పట్టాన ఉడకదు. తెల్లవారాక గింజకు ఏడెనిమిది రెట్లు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. ఒక పొంగు వచ్చాక మంట తగ్గించాలి. అక్కణ్నుంచి గంటల తరబడి సన్నటి సెగ మీదే సాగాలి. నీళ్లు తగ్గితే కాగిన నీళ్లే పోయాలి, చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగినప్పుడు దించి వడకట్టాలి. చిక్కదనం కోసం గుప్పెడు గింజలు రోట్లో మెత్తగా నూరి తేటలో కలిపేవాళ్లున్నారు.

చింతపండు గుజ్జు ఆ తర్వాతే. గింజ ఉడకకముందే పులుపు తగిలితే పొట్టు బిగుసుకుపోతుంది, తేటలోకి రసం దిగదు. ఈ సంగతి రసాయన శాస్త్రం చదివినవాళ్లు ఇవాళ వివరించగలరు. మన అమ్మమ్మలకు అది చేతి అనుభవం. పులుపు పడ్డాక పాత్ర సంగతీ చూసుకోవాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు చిలుమెక్కుతుంది, అందుకే మట్టికుండో కళాయి పూసిన గిన్నో కావాలి. ఉప్పు, పసుపు, కారం, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు వేసి మళ్లీ మరగనివ్వాలి. తెడ్డెత్తితే ధారగా కాక బరువుగా జారే దాకా దించకూడదు. చివర్న ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు. వేడన్నంలో పోసుకుని పైన గరిటెడు మీగడ వేసుకుంటే, పులుపూ కారమూ కొంచెం తగ్గి, ఉలవ వాసన ముందుకొస్తుంది.

ఈ చారులోని కారం మాత్రం కొత్తది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసుకుని ఏలిన 14వ శతాబ్దంలో, ఆయన కొలువులోని కవి ఎర్రన మిరపకాయను చూసి ఉండడు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. అంతకుముందు కారమంటే మిరియాలే. ఉలవ అలా కాదు. దక్షిణాదిలో దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి నవీన శిలాయుగపు ఊళ్లను తవ్వితే మాడిన ఉలవ గింజలు బయటపడ్డాయి. ఉలవచారు పేరున్న సినిమాలో నాయకుడు పురావస్తు శాఖ మనిషి కావడం నాకు ఎంతో తగినదిగా తోస్తుంది. మిరప తోటలతో ఎర్రబడ్డ ఈ మైదానంలో మిరప నిన్నటి చుట్టమైతే, ఉలవ ఇంటి పెద్ద.

వంటకు అంకితమైన మనుషుల్ని చూపించడంలో ప్రపంచ సినిమా చాలా దూరం వెళ్లింది. డేవిడ్ గెల్బ్ 2011లో తీసిన ‘జీరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ’లో, టోక్యోలోని జీరో ఓనో దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడు గుడ్డుతో చేసే ఒక్క వంటకాన్ని 200 సార్లకు పైగా చేశాకే గురువు మెచ్చాడు. చూసినవాళ్లంతా ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కారు. అలాంటి ఓర్పు మన పెళ్లిళ్ల వంటవాళ్లలో లేదా? తెల్లవారుజామునే గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించి, మధ్యాహ్నం బంతి లేచేదాకా సెగ చూసుకునే మేస్త్రీ చేసేదీ అదే తపస్సు. గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన కర్రె మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండుతుంటే, యూట్యూబ్‌లో లక్షల మంది కళ్లప్పగించి చూశారు. 2018లో ఆమె కన్నుమూసింది. ఆమె వంటలు కెమెరాకు ఎక్కాయి కాబట్టి మిగిలాయి. ఎక్కని చేతులు ఎన్ని వెళ్లిపోయాయో!

ఇప్పుడు పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, కొట్టాల్లో ఎడ్లు తగ్గాయి. ఉలవచారు సీసాల్లో దొరుకుతోంది, బిర్యానీలోకీ చేరింది. అది తప్పని నేననను, వంటకం మనుషులతో పాటు కదలాల్సిందే. కానీ చింతపులుపు, మసాలా దట్టించి చిక్కబరిచినది ఉలవచారు కాదు. చిక్కదనం గింజలోంచి రావాలి, అందుకు సమయం పట్టాలి. గింజ వేరే నోటికి, తేట వేరే కంచానికి చేరి ఏదీ వృథా కాకపోవడమే ఈ వంటలోని నీతి. ఎడ్లు లేని ఇంట్లో కూడా ఆ నీతి పాటించవచ్చు: వడకట్టిన గింజల్ని తాలింపు వేసి గుగ్గిళ్లుగా పిల్లలకు పెట్టండి.

తిండిని ప్రేమించిన మనిషి మీద మనకొక సినిమా వచ్చింది. వండేవాళ్ల మీద రావలసినది ఇంకా ఉంది. అద్దంకి పక్క పల్లెల్లో ఒక వంటామె సాయంత్రం ఉలవలు నానబోసిన దగ్గర్నుంచి మర్నాడు విస్తట్లో వడ్డించే దాకా కెమెరా పట్టుకుని పక్కన కూర్చునే యువకులు కావాలి. కొలతలు, మంట, పాత్ర, ఆమె తెడ్డు తిప్పే తీరు అన్నీ నమోదు చేయాలి. చేయి తిరిగిన వాళ్లు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.